పైకెత్తిన చూపు, ఎర్ర సుద్ద: బరోక్ చిత్రాల్లో పారవశ్యం ఎలా తయారైంది

క్లుప్తంగా

పునీతుల పారవశ్యాన్ని చూపే సుద్ద చిత్రాలు 17వ శతాబ్దపు ఇటలీలో, ‘బరోక్’ అని పిలిచే ఉద్వేగభరిత కళాశైలి నడిచిన కాలంలో, విరివిగా పుట్టాయి. చూడగానే ఏదో ఆవేశంలో గీసేసినట్టుంటాయి. వెనక మాత్రం మూడు లెక్కలున్నాయి. దేన్ని దైవానుభవంగా ఒప్పుకోవాలో చర్చి వేసుకున్న లెక్క ఒకటి. మెడ ఎంత వంచాలి, కనుపాప ఎంత కనిపించాలి అని చిత్రశాలలు (చిత్రకారులు పనిచేసే చోట్లు) వేసుకున్న లెక్క రెండోది. అంచు తెలియని నీడనిచ్చే సుద్ద గుణం మూడోది. ఆ ముఖం బాధలో ఉందా, సుఖంలో ఉందా అన్న సందేహం కూడా ఈ లెక్కల్లోంచి పుట్టిందే.

పాతబడ్డ కాగితం మీద ఒక తల. మెడ వెనక్కి వాలింది, గడ్డం పైకి లేచింది, పెదవులు కొద్దిగా విడివడ్డాయి. కనుపాపలు పైరెప్పల కిందికి సగం వెళ్లిపోయాయి. కింద చీటీలో ‘పారవశ్యంలో పునీతురాలు, ఎర్ర సుద్ద, 17వ శతాబ్దం’ అని ఉంటుంది. మ్యూజియంలు తమ సేకరణలను ఆన్‌లైన్‌లో పెట్టాక, వేలం కేటలాగులు ఫోన్‌లోనే తెరుచుకుంటున్నాక ఇలాంటి బొమ్మలు తెలుగు పాఠకుల కంట కూడా తరచూ పడుతున్నాయి. చూసినవారికి సాధారణంగా మూడు అనుమానాలొస్తాయి. ఈమె చనిపోతోందా, మూర్ఛపోయిందా, ఆనందిస్తోందా? ఎవరైనా నిజంగా అలా ఉండగా చూసి గీశారా? గొప్ప చిత్రకారుడి పేరు పక్కన ‘అనుయాయి’ అనో ‘ఆపాదితం’ అనో ఎందుకు రాస్తారు?

మూడింటికీ జవాబులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మాటలోనే ఉన్న తేడా

యూరప్ భాషల్లో ఈ స్థితికి వాడే మాట గ్రీకు ‘ఎక్‌స్టాసిస్’ నుంచి వచ్చింది. తన నుంచి తాను బయటికి వచ్చి నిలబడటం దాని మూలార్థం. తెలుగులో మనం వాడే ‘పారవశ్యం’ దీనికి దాదాపు ఎదురు దిక్కున నడుస్తుంది: పరుల వశం కావడం. ఇక ‘పూనకం’ మూడో దారి, అందులో దేవత లోపలికి వస్తుంది. ఒకచోట ఆత్మ బయటికి పోతోంది, ఒకచోట ఇంకొకరి అధీనంలో పడుతోంది, మరోచోట వేరొకరికి ఒంట్లో చోటిస్తోంది. పూనకంలో ఒళ్లు ఊగుతుంది, గొంతు మారుతుంది. కాథలిక్ మఠాల్లో వర్ణించిన పారవశ్యంలో ఒళ్లు ఆగిపోతుంది.

చిత్రకారుడికి ఈ తేడా చిన్నది కాదు. ఊగే ఒంటిని కాగితం మీద పట్టుకోవడం కష్టం. ఆగిపోయిన ఒంటిని పట్టుకోవచ్చు.

ఆగిపోవడమంటే ఏమిటో అవిలా పట్టణానికి చెందిన పునీత తెరేసా (1515–1582) ఆత్మకథలో స్వయంగా రాసింది. అటువంటి వేళ ఊపిరి అందదని, చేతులు చల్లబడి బిగుసుకుపోతాయని, కళ్లు తమంతట తామే మూసుకుంటాయని, తెరిచి ఉన్నా దాదాపు ఏమీ కనిపించదని చెప్పింది. నలుగురిలో అలా జరిగినప్పుడు సిగ్గుపడి ఆపుకోవడానికి ప్రయత్నించేదట, తోటి మఠకన్యలు ఆమెను పట్టుకోవాల్సి వచ్చేదట. ఆమె ఉద్దేశం ఏదైనా, చిత్రకారులకు ఆ పేజీలు ఒంటి గుర్తుల జాబితాగా ఉపయోగపడ్డాయి.

తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక నాట్యశాస్త్రంలోని ఎనిమిది సాత్త్విక భావాలు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఇందులో రోమాంచాన్ని, గొంతు జీరను, వణుకును నిశ్చల చిత్రంలో చూపడం దాదాపు అసాధ్యం. కొయ్యబారడం, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం చూపొచ్చు. బరోక్ చిత్రకారులు కూడా సరిగ్గా ఈ నాలుగింటినే పట్టుకున్నారు. రెండు సంప్రదాయాలకూ సంబంధం లేదు. చిత్రించడానికి వీలైనవి అవే.

ఇక్కడే పేర్ల గందరగోళం కూడా తీర్చుకోవచ్చు. అవిలా తెరేసా స్పెయిన్ కార్మెలైట్ మఠకన్య. ‘చిన్న పువ్వు’గా పేరుపడ్డ లిసియో తెరేసా (1873–1897) ఫ్రాన్స్‌కు చెందినది, అదే మఠసంఘంలో చేరింది. కోల్‌కతాలో సేవ చేసిన మదర్ తెరెసా తన పేరును ఈ రెండో ఆమె నుంచి తీసుకుంది. బరోక్ చిత్రాల్లో కనిపించేది ఎప్పుడూ మొదటి ఆమే.

కావాలనుకున్నదీ చర్చే, భయపడ్డదీ చర్చే

ప్రొటెస్టెంట్ ఉద్యమం విగ్రహాలను, పునీతుల ఆరాధనను ప్రశ్నించాక కాథలిక్ చర్చి 1545 నుంచి 1563 వరకు ట్రెంట్ మహాసభ జరిపింది. చివరి సమావేశంలో చిత్రాల మీద కూడా ఒక తీర్మానం చేశారు. చిత్రాలు ఉండాలి, భక్తిని నేర్పాలి, కామోద్దీపకమైనదేదీ వాటిలో ఉండకూడదు. తర్వాతి వందేళ్ల చిత్రకళ ఈ మూడు షరతుల మధ్యే నడిచింది.

1622 మార్చి 12న పోపు 15వ గ్రెగరీ ఒకేసారి ఐదుగురిని పునీతులుగా ప్రకటించాడు: ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్, ఫిలిప్ నేరీ, తెరేసా, రైతు ఇసిడోర్. వీరిలో జేవియర్ పార్థివ దేహం ఇప్పటికీ గోవాలోని బొం జీసస్ బసిలికాలో ఉంది. ఇసిడోర్‌ను పక్కన పెడితే మిగతా నలుగురూ అప్పటికి గతించి వందేళ్లు కూడా దాటని మనుషులు. వాళ్ల కోసం కొత్త బలిపీఠాలు, వాటికి కొత్త చిత్రాలు కావాలి. ఏసు శిష్యుల్లా వీళ్ల బొమ్మలకు పాత నమూనాలు లేవు. పైగా వీళ్లలో చాలామంది ఘనత సింహం నోట్లో తలపెట్టడం లాంటి బయటి సాహసం కాదు, ప్రార్థనలో జరిగిన లోపలి సంగతి. కంటికి కనిపించని దాన్ని కంటికి చూపించాల్సిన పని చిత్రకారుల మీద పడింది.

అదే సమయంలో, బతికి ఉన్న పారవశ్యులంటే చర్చి అధికారులకు బెదురు. దొంగ పవిత్రత అనే నేరం కింద విచారణలు జరిగేవి. కుపెర్తీనో ఊరి జోసెఫ్ అనే సన్యాసి (1603–1663) ప్రార్థనలో గాల్లోకి లేస్తాడని జనం మూగేవారు. ఆయన్ను 1638లో నేపుల్స్‌లో ధర్మవిచారణ సభ (ఇంక్విజిషన్) ప్రశ్నించింది, తర్వాత జనం చేరలేని మఠాలకు ఒకదాని నుంచి మరోదానికి తరలించారు. పునీతుడిగా ప్రకటించింది 1767లో, చనిపోయిన వందేళ్లకు. పోపు 8వ అర్బన్ కాలంలో, 1625లో మొదలైన ఆదేశాలు చర్చి ధ్రువీకరించని వ్యక్తులను కాంతివలయంతో చిత్రించడాన్ని కూడా నిషేధించాయి.

అందువల్ల చిత్రంలోని పారవశ్యం మీద ఒక బాధ్యత పడింది. అది ఎవరికీ అనుమానం రానంతగా పద్ధతి ప్రకారం ఉండాలి, చూసేవాడి గుండె కదిలేంత కొత్తగానూ ఉండాలి. ఆ పద్ధతిని సాధన చేసిన చోటు చిత్రశాలలోని సుద్ద కాగితం.

సుద్దే ఎందుకు?

తెలుగు ఇళ్ల గోడలకు, గడపలకు పూసే జాజు, కావిరాయి రంగు ఎక్కడి నుంచి వస్తుందో ఎర్ర సుద్ద రంగూ అక్కడి నుంచే వస్తుంది. బంకమన్నులో హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ కలిసి గట్టిపడిన సహజ ఖనిజం అది. నల్ల సుద్ద కర్బనం నిండిన మెత్తటి పలకరాయి. తెల్ల సుద్ద సున్నపు జాతిది. గనిలో తవ్విన ముద్దను కోసి పుల్లలు చేసి, లోహపు పిడిలో బిగించి గీసేవారు. బళ్లో బోర్డు మీద రాసే సుద్దముక్క పోత పోసి తయారుచేసిన సరుకు. ఇది అచ్చంగా రాయి.

కలం, సిరా గీతకు రెండు అంచులుంటాయి. గీత పడిందంటే చర్మం అక్కడితో ఆగిపోయింది. సుద్ద అలా కాదు. కాగితం ఉపరితలం నున్నగా కనిపించినా గుట్టలు గుంటలుగా ఉంటుంది, తేలిగ్గా రాస్తే సుద్ద గుట్టల మీదే అంటుకుంటుంది, నొక్కితే గుంటల్లోకీ దిగుతుంది. ఒకే పుల్లతో పొగమంచంత పలచటి నీడా వస్తుంది, కత్తి మొనంత పదునైన గీతా వస్తుంది. చుట్టిన తోలు ముక్కతోనో వేలితోనో రుద్దితే నీడకు అంచే ఉండదు. లియొనార్డో 1490లలోనే ‘చివరి రాత్రి భోజనం’ తలల కోసం ఎర్ర సుద్ద వాడి ఈ గుణాన్ని చూపించాడు. ఉర్బీనో చిత్రకారుడు ఫెదెరికో బరోచ్చి రంగు సుద్దలతో తలలు గీసి దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. బొలోన్యాలో కరాచ్చీ సోదరబృందం 1580లలో పెట్టిన చిత్రపాఠశాలలో మనిషిని ఎదుట నిలబెట్టి సుద్దతో గీయడం రోజువారీ అభ్యాసం.

పారవశ్య ముఖానికి ఈ గుణం ఎందుకు అంత అవసరమో ఒక తల గీసే వరస చూస్తే తెలుస్తుంది. ముందు బొగ్గుతో పలచగా ఒక గుడ్డు ఆకారం. బొగ్గు నచ్చకపోతే రొట్టె ముక్కతో రుద్ది చెరిపేయొచ్చు. తల వెనక్కి వాలినప్పుడు కళ్లు, ముక్కు, నోరు పడే అడ్డగీతలు విల్లులా పైకి వంగుతాయి. చెవి కళ్ల మట్టం కంటే కిందికి జారినట్టవుతుంది. నుదురు కుంచించుకుపోతుంది, గడ్డం కింద మామూలుగా కనిపించని మెత్తటి త్రికోణం ముందుకొస్తుంది. బలిపీఠం మీది చిత్రాన్ని జనం కింద మోకరిల్లి చూస్తారు కాబట్టి ఈ కింది చూపు కావాలనే ఎంచుకున్నది.

తర్వాత ఎర్ర సుద్ద. ఇది బొగ్గులా చెరగదు, మట్టి పొడి కాగితపు పోగుల్లోకి పట్టేస్తుంది. ముక్కు రంధ్రాల్లో, పెదవుల సందులో సుద్ద మొనను తడిపి నొక్కితే ముదురు ఎరుపు. మెడ దగ్గర చెయ్యి తేలిపోతుంది, అక్కడ గీతల బదులు రుద్దిన మసక ఉంటుంది. చివరికి కన్ను. అంతా దాని మీదే ఆధారపడింది. కనుపాప పూర్తిగా కనిపిస్తే ఆమె ఏదో వస్తువును చూస్తున్నట్టు. పూర్తిగా మాయమైతే చనిపోయినట్టు. పైరెప్ప కింద సగం దాగి, దాని దిగువన తెల్లటి చంద్రవంక మిగిలితేనే ‘చూస్తోంది, కానీ ఇక్కడిదాన్ని కాదు’ అన్న అర్థం వస్తుంది. మిల్లీమీటరు తేడాలో అర్థం మారిపోయే చోట, అంచును మసకగా ఉంచే సుద్ద చిత్రకారుడికి వెసులుబాటునిస్తుంది. కాగితం నీలిరంగుదైతే, కింది రెప్ప తడి మీద ఒక చుక్క తెల్ల సుద్ద పెడతారు. కన్నీరు అక్కడ ఉందో లేదో తేలకుండానే మెరుపు వస్తుంది.

ఎదుట కూర్చున్నది పునీతురాలు కాదు. చిత్రశాలలో పనిచేసే కుర్రాళ్లనే కూర్చోబెట్టి ఆడ పాత్రలకు కూడా గీసేవారు. తల ఒక కాగితం మీద, చేతులు మరో కాగితం మీద, వస్త్రపు మడతలు ఇంకో కాగితం మీద సిద్ధమయ్యేవి. కాబట్టి రెండో అనుమానానికి జవాబు సూటిగానే ఉంది: పారవశ్యాన్ని చూసి గీసిన చిత్రం దాదాపు ఉండదు, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ కూర్చున్న కుర్రాడు ఉంటాడు.

అదే ముఖం మళ్లీ మళ్లీ

ఈ వాలిన తలకు పూర్వీకులున్నారు. 1506లో రోమ్‌లో తవ్వకాల్లో బయటపడ్డ లావొకూన్ శిల్పంలో పాములు చుట్టేసిన తండ్రి తల వెనక్కి వాల్చి నోరు తెరిచి ఉంటాడు. 1583లో దొరికిన నియోబీ శిల్పసమూహంలో పిల్లలను పోగొట్టుకుంటున్న తల్లి ఆకాశం వైపు చూస్తుంది. రెండూ క్రైస్తవానికి ముందటి కథలు, రెండూ వేదన కథలు. బొలోన్యా చిత్రకారుడు గీడో రేనీ (1575–1642) పైకి చూసే తలలకు పేరుపడ్డవాడు. ఆయన నియోబీని శ్రద్ధగా అధ్యయనం చేశాడని పాత జీవితకథలు చెప్తాయి.

మూడో మూలం క్రైస్తవ చిత్రమే. రఫాయెల్ వేసిన పునీత సిసీలియా బలిపీఠ చిత్రం బొలోన్యాలో ఉండేది, ఇప్పటికీ అక్కడి మ్యూజియంలోనే ఉంది. కింద వాద్యాలు విరిగి పడివుంటాయి, ఆమె మాత్రం పైన దేవదూతల పాట వింటూ తల ఎత్తుతుంది. రేనీ 17వ శతాబ్దం తొలినాళ్లలో దీని నకలు ఒకటి వేశాడు, అది రోమ్‌లోని సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేసీ చర్చిలో ఉంది. వేదనతో వెనక్కి వాలిన పురాతన తల, పాట వింటూ ఎత్తిన రఫాయెల్ తల, రెండూ ఒకే సుద్ద గీతలో కలిసిపోయాయి. బాధా, ఆనందమా అన్న సందేహం ఇక్కడే పుట్టింది. అరువు తెచ్చుకున్న ముఖంతో పాటు దాని పాత అర్థం కూడా వచ్చేసింది.

ఫ్రాన్స్‌లో షార్ల్ లె బ్రున్ 1668లో రాజ చిత్రకళా అకాడమీలో ముఖ కవళికల మీద ఉపన్యాసమిచ్చాడు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1649లో, మనోవికారాలపై తత్త్వవేత్త డెకార్ట్ వెలువరించిన ఆలోచనలు దానికి పునాది. లె బ్రున్ వర్ణనలో మైమరపుకు తల ఎడమకు వాలుతుంది, కనుబొమలు, కనుపాపలు నేరుగా పైకి లేస్తాయి, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు అభినయదర్పణంలోని ఎనిమిది దృష్టుల్లో పైకి చూసే ‘ఉల్లోకిత’ నేర్పినట్టే ఇది. ఒక తేడా ఉంది. ఉల్లోకితకు శాస్త్రం కొన్ని వాడుకలు చెప్తుంది, అర్థాన్ని పాట, సందర్భం తేలుస్తాయి. లె బ్రున్ ఒక్కో ముఖానికి ఒక్కో భావాన్ని అంటగట్టాలని చూశాడు. చీటీ లేకుండా ఆయన తలలను చూసినవారు వాటి పేర్లు సరిగ్గా చెప్పగలరా అన్నది అనుమానమే.

కాగితం నుంచి పాలరాతికి

ఈ విషయంలో ఎక్కువగా చర్చకు వచ్చే ఉదాహరణ శిల్పి జాన్ లొరెన్జో బెర్నీనీ (1598–1680). రోమ్‌లోని సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో కార్డినల్ ఫెదెరికో కొర్నారో కోసం 1647–1652 మధ్య చేసిన తెరేసా శిల్పం అందరికీ తెలిసినదే. అంతకుముందే ఆయనకు ఎదురుదెబ్బ తగిలింది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాకు కట్టిన గంటగోపురంలో పగుళ్లు వచ్చి, 1646లో దాన్ని కూల్చివేశారు. పోపు కొలువులో పలుకుబడి తగ్గిన ఆ కాలంలో వచ్చిన పని ఇది. తెరేసాకు సంబంధించిన సుద్ద గీతలు లైప్‌జిగ్ లలితకళా మ్యూజియంలో ఉన్నాయి. మట్టితో చేసిన చిన్న నమూనా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉంది. అంటే కాగితం, మట్టి, పాలరాయి మూడు మెట్లకూ సాక్ష్యం మిగిలింది.

శిల్పికి సుద్ద ఎందుకన్న ప్రశ్నకు బెర్నీనీ మాటల్లోనే జవాబుంది. ఆయన 1665లో పారిస్ వెళ్లినప్పుడు వెంట ఉన్న షాంత్లూ అనే ఫ్రెంచి పెద్దమనిషి రోజూ డైరీ రాశాడు. పాలరాతికి రంగు లేదు కాబట్టి కొన్నిసార్లు ప్రకృతిలో లేనిది చేస్తేనే ప్రకృతిలా కనిపిస్తుందని బెర్నీనీ అన్నాడు. కంటి చుట్టూ ఉండే నీలిఛాయను రాతిలో చూపాలంటే అక్కడ లోతుగా తొలచాలి, ఆ గుంటలో పడే నీడే రంగు పని చేస్తుంది. సుద్ద చిత్రం సరిగ్గా ఈ లెక్క కట్టే చోటు. ఎక్కడ ఎరుపు ముదిరిందో అక్కడ ఉలి దిగాలి, ఎక్కడ కాగితం తెల్లగా వదిలేశారో అక్కడ రాయిని నునుపు చెయ్యాలి. అదే డైరీలో మరో మాట: నోటికి అందమైన క్షణం మాట మొదలయ్యే ముందు, లేదా అప్పుడే ముగిశాక. 1632లో చేసిన కార్డినల్ సిపియోనే బొర్గేసే శిల్పంలో పెదవులు అలాగే ఉంటాయి. దానికి ముందు గీసిన ఎర్ర సుద్ద చిత్రం న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో చూడొచ్చు. కబుర్లు చెప్పే కార్డినల్ నోటికీ, మైమరచిన తెరేసా నోటికీ పని సూత్రం ఒకటే.

తేడా మెడలో, కళ్లలో ఉంది. తెరేసా కళ్లు దాదాపు మూసుకున్నాయి, ఒక చేయి వాలిపోయింది, ఒక పాదం గాల్లో వేలాడుతోంది. రేనీ తలల్లో ఉన్న పైచూపు ఇక్కడ లేదు. పైన కనిపించకుండా పెట్టిన కిటికీ నుంచి వెలుగు దిగుతుంది కాబట్టి కళ్లు పైకెత్తే పని లేకుండా పోయింది. ఇలా వెనక్కి వాలిన పునీతురాలికి దగ్గరి పూర్వరూపం జొవాన్నీ లాన్‌ఫ్రాంకో 1622లో వేసిన కొర్తోనా మార్గరెట్ చిత్రం, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని పిత్తీ భవనంలో ఉంది.

బాధా, సుఖమా?

1739–40లో ఇటలీ తిరిగిన ఫ్రెంచి న్యాయాధికారి షార్ల్ ద బ్రోస్, దైవప్రేమ అంటే ఇదే అయితే అది తనకు బాగా తెలుసునని ఎగతాళి చేశాడు. అప్పటి నుంచి ఈ శిల్పాన్ని, ఆ తరహా సుద్ద తలలను శృంగార దృష్టితో చదవడం ఆగలేదు. ఇంటర్నెట్‌లో తిరిగే వ్యాఖ్యల్లో చాలావరకు ఈ ఒక్క హాస్యానికి కొనసాగింపే.

తెరేసా రాసింది చూస్తే విషయం కొంచెం వేరు. దేవదూత చేతిలో బంగారు బల్లెం, దాని మొనలో నిప్పు, అది గుండెలో పలుమార్లు దిగడం, మూలిగేంత నొప్పి, అది పోవద్దనిపించేంత తీపి అన్నీ ఆమె మాటలే. ఆ నొప్పి ఒంటిది కాదని, అయినా ఒంటికి అందులో భాగం, అదీ పెద్ద భాగమే ఉందని ఆమే వివరించింది. పునీత హోదా పత్రంలో కూడా ఈ దర్శనం ప్రస్తావన ఉంది. బెర్నీనీ చాటుగా ఇరికించినదేమీ కాదు, చర్చి బహిరంగంగా ఒప్పుకున్న వాక్యమే. ఆయన మార్చింది వయసును. ఈ అనుభవం నాటికి తెరేసాకు నలభై దాటాయి. 1576లో ఎదురుగా కూర్చోబెట్టి వేసిన చిత్రంలో ఆమె బొద్దుగా, పెద్ద వయసు మనిషిగా కనిపిస్తుంది. రోమ్ పాలరాతిలో ఉన్నది పడుచు ముఖం. ద బ్రోస్ నవ్వుకు అవకాశం ఇచ్చింది పారవశ్యం కాదు, ఈ వయసు మార్పే అనుకోవడం సబబు.

మన భక్తి సాహిత్యంలో విరహం, శృంగారం దేవుడితో మాట్లాడే భాషలుగా చాలాకాలంగా చెల్లుబాటు అయ్యాయి. అన్నమయ్య శృంగార సంకీర్తనలు విన్నవారికి ‘ఇది భక్తా, శృంగారమా’ అన్న ప్రశ్న అంత పదునుగా తోచదు. ట్రెంట్ తర్వాతి యూరప్‌లో మాత్రం ఆ రెండింటి మధ్య గీత గీయాల్సిన ఒత్తిడి ఉంది, అందుకే అక్కడ ప్రశ్న గట్టిగా వినిపించింది.

ఇక్కడ ఒక పిట్టకథ పనికొస్తుంది. 1622లో పునీతుడైన ఫిలిప్ నేరీ బతికి ఉండగా, రోమ్‌లోని కియేజా నువోవా చర్చిలో బరోచ్చి వేసిన ‘సందర్శనం’ చిత్రం (1586) ముందు కూర్చుని మైమరచిపోయేవాడట. ఆ చిత్రంలో పారవశ్యంలో ఉన్నవారెవరూ లేరు. ఇద్దరు బంధువులు ఇంటి గడప దగ్గర పలకరించుకుంటున్నారు, అంతే. పారవశ్యం కలిగించడానికి పారవశ్యాన్ని చిత్రించనక్కర్లేదని అప్పటికే తెలిసిన రోమ్‌లోనే, తర్వాతి తరం ఆ ముఖాన్నే నేరుగా చూపించే దారి పట్టింది.

ఎవరి చెయ్యి?

చీటీ మీది పదాలకు వేలం కేటలాగుల్లో వేర్వేరు బరువులున్నాయి. పేరు ఒక్కటే ఉంటే ఆయన చేతిదే అని నిపుణుల నమ్మకం. ‘ఆపాదితం’ అంటే బహుశా ఆయనదే, కానీ పూచీ తక్కువ. ‘చిత్రశాల’ అంటే ఆయన కింద పనిచేసినవారిది, ‘బృందం’ అంటే దగ్గరివారిది, ‘అనుయాయి’ అంటే ఆ తీరు నేర్చుకున్న ఎవరిదో, ‘అనుకరణగా’ అంటే మూలం వేరే ఉంది, ఇది దాని నకలు. సంతకం లేని సుద్ద తలల్లో ఈ మెట్లు ఎక్కడం, దిగడం తరచూ జరుగుతుంది.

ఎర్ర సుద్దకే ప్రత్యేకమైన మెలిక ఇంకొకటి ఉంది. చిత్రం మీద తడి కాగితం పరిచి గట్టిగా అదిమితే కొంత సుద్ద దానికి అంటుకుని అద్దంలో బొమ్మలాంటి నకలు వస్తుంది. కుడిచేత్తో గీసేవారి నీడగీతలు సాధారణంగా కింద ఎడమ నుంచి పైన కుడికి వాలుతాయి. నకలులో అవి తిరగబడతాయి, గీత పొడి పొడిగా, అదిమినట్టు చదునుగా ఉంటుంది. పైకి చూసే తల కుడికి బదులు ఎడమకు తిరిగి, నీడగీతలు కూడా తప్పు దిక్కున ఉంటే, మూలం మరెక్కడో ఉండి ఉండాలని మొదట అనుమానించాలి.

పాత సేకర్తల ముద్రలు, రాతలు సాయపడతాయి, దారి తప్పిస్తాయి కూడా. 17వ శతాబ్దపు లండన్ చిత్రకారుడు పీటర్ లీలీ సేకరణలోని చిత్రాలకు ఆయన పొడి అక్షరాల ముద్ర ఉంటుంది. అలాంటి ముద్రలను గుర్తుపట్టడానికి ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో చేసిన జాబితానే ఇప్పటికీ ఆధారం. నేరీ స్థాపించిన ఒరటోరియన్ సంఘానికే చెందిన సెబాస్తియానో రేస్తా (1635–1714) వేలకొద్దీ చిత్రాలు పోగుచేసి ఆల్బమ్‌లుగా కూర్చాడు. పేర్లు పెట్టడంలో ఆయన చెయ్యి కాస్త ఉదారం. ఆయన కూర్చిన సేకరణల్లో చాలా భాగం ఇంగ్లండ్ చేరింది. ఆయన చేతిరాతలో గొప్ప పేరు కనిపిస్తే దాన్ని చరిత్రగా గౌరవించాలి కానీ తీర్పుగా తీసుకోకూడదు.

18వ శతాబ్దానికి వచ్చేసరికి వెనిస్‌లో జొవాన్నీ బత్తిస్తా పియజెత్తా (1682–1754) నల్ల, తెల్ల సుద్దలతో గీసిన తలలను ఏ చిత్రానికీ ముందస్తు పనిగా కాక, ఫ్రేములో పెట్టుకునే సొంత చిత్రాలుగా కొనేవారు. బలిపీఠం కోసం పుట్టిన ముఖం గోడకెక్కింది.

వెలుతురు చేసే మార్పు

ఎర్ర సుద్దలోని ఇనుము రంగు వెలుగుకు పెద్దగా లొంగదు. లొంగేది కాగితం. అందుకే మ్యూజియంలు ఇలాంటి చిత్రాలను సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) లాంటి మసక వెలుతురులో కొద్ది నెలలు చూపించి, మళ్లీ పెట్టెల్లో చీకట్లో ఉంచుతాయి. చూడటానికి వెళ్లినవారికి అసలు చిత్రం కనపడకపోవడానికి కారణం ఇదే.

ఇటలీలో నీలి కాగితాన్ని నీలిమందు వంటి రంగులు అద్దిన పాత గుడ్డల పోగులతో తయారుచేసేవారు. వెలుగు తగిలితే ఆ నీలం బూడిద, గోధుమ రంగుల్లోకి దిగిపోతుంది. చాలాకాలం ఫ్రేములో ఉన్న చిత్రాన్ని బయటికి తీసి చుట్టూ ఉన్న అట్ట అంచును ఎత్తినప్పుడు, దాని కింద దాగిన సన్నటి పట్టీ మాత్రం ఇంకా నీలంగానే ఉంటుంది. చిత్రకారుడు తెల్ల సుద్ద చుక్కను పెట్టింది ఆ నీలం మీద. ఇప్పుడు అదే చుక్క గోధుమ రంగు కాగితం మీద, కింది రెప్ప అంచున, అప్పటికంటే మెల్లగా మెరుస్తోంది.